గాలిపోగు

ఆ నిఘంటువు ఆఫీసులో ఒక మాట అచ్చుకెక్కాలంటే మూడు సాక్ష్యాలు కావాలి. ముగ్గురు వేరు వేరు మనుషులు ఆ మాట వాడినట్టు మూడు కార్డులుండాలి. రెండున్నాయి, మూడోది దారిలో ఉందంటే కుదరదు. ఈ నియమం పెట్టిన మహానుభావుడు ఎప్పుడో పోయాడు. దాన్ని పట్టుకుని వేలాడే మనిషి మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గర ముప్పై మూడేళ్ళుగా కూర్చునే ఉన్నాడు. ఆయన్ని అందరూ సాక్షిగారు అనేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు, తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. ఆయనకి అది బిరుదులాగే వినిపించింది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాళ్ళని మనం చూశాం. ఈయన అంతకన్నా ఒక ఆకు ఎక్కువే చదివాడు. నాలుగో కాలు కళ్ళెదుట కనబడుతున్నా, దాన్ని ఇంకెవరు చూశారు, ఏ పుస్తకంలో ఉంది, ఎన్నో పేజీ అని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, కార్డు మీద ఎర్రసిరాతో రాస్తాడు. ఎర్రసిరా ప్రశ్నకి మళ్ళీ ఒక నియమం. ప్రశ్న రాసినవాడే దాని కింద నీలంసిరాతో జవాబు రాసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఆ కార్డు ప్రెస్సు గడప తొక్కకూడదు. ఇలాంటి పద్ధతుల పుణ్యమా అని ముప్పై మూడేళ్ళలో నిఘంటువు అకారం నుంచి గకారం దాకా నడిచింది. ఈ లెక్కన క్షకారం ముఖం చూడాలంటే మునిమనవలు పుట్టి రావాలని ఆయన భార్య నవ్వేది. వాళ్ళకి పిల్లలు లేరు. అయినా ఆ మాట అనేది.

ఆవిడది రఫ్ఫు పని. చిరిగిన బట్టకి, అదే బట్ట మడతలోంచి పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో బట్ట యజమానికే తెలియకుండా అల్లడం. బట్టల వీధి చివర మేడమీద గదిలో, పెద్ద కిటికీ కింద, నలుగురైదుగురు ఆడవాళ్ళతో కలిసి పొద్దున్నుంచి వెలుతురు పోయేదాకా కూర్చునేది. సన్నబట్టలోంచి పోగు లాగుతుంటే ఒక్కోసారి తెగి గాలిలోకి లేస్తుంది. ఎండ పడితే తప్ప కంటికి ఆనదు. దాన్ని ఆవిడ గాలిపోగు అనేది. అక్కడితో ఆగినా బాగుండేది, కానీ ఆవిడకి లోకంలో సగం వస్తువులు గాలిపోగులే. ఉల్లిపాయ మీద ఊడివచ్చే పొర, తూనీగ రెక్క, కిటికీ మూల సాలీడు వదిలిపెట్టిన దారం, పొద్దున్నే అద్దం మీద పట్టే ఆవిరి.

"ఏమండీ, పాలగిన్నె కదపకండి. గాలిపోగంత పొర కట్టింది."

"పొర అంటే సరిపోతుంది. గాలిపోగనే మాట లేదు."

"లేని మాట మీ చెవిలో ఎలా పడిందండీ మరి?"

"ఏ పుస్తకంలోనూ లేదంటున్నాను."

"ఏ పుస్తకంలోనూ నేనూ లేను. ఉన్నానా, లేనా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని పేపరు తిరగేసేవాడు. రోజుకొక్కసారైనా ఆవిడ ఆ మాట అనేది, వారంలో మూడుసార్లైనా ఆయన సరిదిద్దేవాడు. ఇంటి మాట నిఘంటువులోకి తేకూడదన్నది ఆయన సొంత నియమం. భార్య మాట కార్డుకెక్కిస్తే రేపు లోకం ఏమంటుందని ఆయన భయం. లోకానికి అంత తీరిక ఎక్కడిది, పాపం.

ఏడు నెలల క్రితం ఆవిడ పోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పదిరోజులు ఆస్పత్రిలో ఉండి, పదకొండోరోజు పొద్దున్న పోయింది. సాక్షిగారు ఆ తర్వాత వారానికే ఆఫీసుకి వచ్చి కూర్చున్నాడు. అయ్యో అన్నవాళ్ళందరికీ తలూపాడు. మనిషి గట్టివాడు అనుకున్నారు. గట్టితనం కాదది, ఇంట్లో ఉండలేకపోవడం. ఇంట్లో పాలు కాగితే పొర కట్టేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

గకారం ఆఖరి ప్రూఫులు వచ్చాయి. పదకొండు రోజుల్లో తిరిగి ప్రెస్సుకి పంపాలి. రెండోరోజు మధ్యాహ్నం ఆయన పెన్సిలు పట్టుకుని వరసగా చదువుకుంటూ వస్తున్నాడు. గాలితిత్తి, గాలిపటం, గాలిబుడగ. అక్కడ పెన్సిలు ఆగిపోయింది. గాలిపటానికీ గాలిబుడగకీ మధ్య ఒక మాట ఉండాలి. లేదు. ఆయన పక్క పేజీ చూశాడు, అచ్చుతప్పేమో అన్నట్టు మళ్ళీ వెనక్కి వచ్చి చూశాడు. రెండు మాటల మధ్యా ఒక్క వెంట్రుకవాసి తెల్లకాగితం ఉంది. ఏడు నెలలుగా రాని ఏడుపు అక్కడ వచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

సంపాదకురాలి గదికి వెళ్ళాడు. ఆవిడ ఒకప్పుడు ఈయన దగ్గరే కార్డులు సర్దడం నేర్చుకుంది, ఇప్పుడు ఈయనకే పై అధికారి.

"అమ్మా, గాలిపోగు అని ఒక మాట ఉంది. చేర్చాలి."

"రాసి ఇవ్వండి మేష్టారూ, చేరుద్దాం. అర్థం ఏమిటి?"

"సన్నగా, పలచగా, ఊపిరి తగిలితే కదిలేట్టు ఉండేది. పోగు గానీ, పొర గానీ."

"బాగుంది. ఎక్కడి నుంచి వచ్చింది?"

ఆయన నోరు తెరిచాడు. ముప్పై మూడేళ్ళుగా ప్రతి మాటనీ నిలబెట్టి, నీదే ఊరు, నీ అమ్మానాన్నలెవరు అని అడిగిన మనిషి. ఈ ఒక్కదాన్ని అడగలేదు.

"తెలియదు," అన్నాడు. "కనుక్కుంటాను. సాక్ష్యాలు కూడా తెస్తాను."

"సాక్ష్యాలెందుకు మేష్టారూ, మీరు చెబుతున్నారుగా. ఎవరడుగుతారు?"

"నేను అడుగుతాను," అన్నాడాయన.

మర్నాడు బట్టల వీధికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆ మెట్లు ఆయన నాలుగైదుసార్లు ఎక్కి ఉంటాడు, అదీ గొడుగు మర్చిపోయినప్పుడు. పైన కొట్టు పెద్దావిడ లేచి కుర్చీ జరిపింది. కిటికీ కింద ఒక పీట ఖాళీగా ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు.

"రండి అన్నయ్యగారూ. కాస్త మంచినీళ్ళు తాగండి ముందు. మనిషి చిక్కి సగమయ్యారు."

"గాలిపోగు అనే మాట మీలో ఎవరైనా వాడతారా?"

పెద్దావిడ ఫక్కున నవ్వింది. "వాడకపోవడమేమిటి? గాలిపోగు లేందే మా పనే లేదు. మొన్న ఒకాయన చొక్కా తెస్తే, ఇది గాలిపోగు బట్ట, ముట్టుకుంటే పోతుంది, మా వల్ల కాదు అని పంపేశాను."

సాక్షిగారు జేబులోంచి కార్డులు తీశాడు. ప్రాణం లేచివచ్చింది. "మీరు ఎవరి దగ్గర విన్నారు?"

"వదినగారి దగ్గరే."

"మీరమ్మా?" అని పక్కావిడని అడిగాడు. వదినగారి దగ్గరే. మూలనున్న ముసలావిడని అడిగాడు. ఆవిడ తల కూడా ఎత్తకుండా, "ఇంకెవరంటారు నాయనా ఆ మాట? మీ ఆవిడే," అంది.

ఆయన కార్డులు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నోళ్ళు ఎన్నున్నా మాట ఒకరిదే. ఆయన లెక్కలో అది ఒక్క సాక్ష్యం.

"ఆవిడకి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పిందా ఎప్పుడైనా?"

"అడగలేదండీ. మీరు అడగలేదా? మీ పనే అది కదా!" అని, ఆయన ముఖం చూసి నాలిక కరుచుకుంది. తర్వాత మాట మార్చబోయి అసలు మాట చెప్పింది. "అయినా దానికింత తిరుగుడేమిటి? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మీ ఆఫీసులోనే ఉండాలిగా ఆ కార్డులు. మేమే రాసి పంపాం."

"ఏ కార్డులు?"

"ఎప్పటి మాటో. ముగ్గురు రాస్తే గానీ మా ఆయన ఒప్పుకోరు, అదీ తన రాతయితే ఇట్టే గుర్తుపట్టేస్తారు అని, వదినగారు చెబుతుంటే మేం రాశాం. ఏడాదికొకరం. మొదటిది ఈవిడ, రెండోది అదిగో ఆ అవ్వగారు, మూడోది నేను. ఎవరి ఇంటి చిరునామా వాళ్ళం వేశాం, అనుమానం రాకుండా. పోస్టు చేసొచ్చి ఒకటే నవ్వు. మూడో కార్డుకి మాత్రం మీవాళ్ళు ఏదో అడుగుతూ జవాబు రాశారు. మా ఇంటికే వచ్చింది. తెచ్చి వదినగారి చేతిలో పెట్టాను. చదువుకుని సూదుల డబ్బాలో పెట్టేసుకున్నారు. తర్వాత మళ్ళీ పంపుదామని అనలేదు."

"ఏం అడిగారట?"

"నాకేం తెలుసండీ. ఆ పూట కళ్ళు మంటగా ఉన్నాయని పని చెయ్యకుండా ఇంటికెళ్ళిపోయారు."

పాఠకులు పంపే కార్డులకి పుస్తకం పేరూ పేజీ నంబరూ లేకపోతే, వాటిని మాటల వరసలో పెట్టరు. 'పక్కన పెట్టినవి' అని రాసిన బీరువాలో సంవత్సరాల వారీగా కట్టలు కట్టి పడేస్తారు. ఒకే మాట గురించి మూడు ఉత్తరాలు వచ్చినా మూడు కట్టల్లో మూడు మూలల పడి ఉంటాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఈ ఏర్పాటు చేసింది సాక్షిగారే. బీరువా వెనక గదిలో ఉంది. ఆయన అయిదు రోజులు ఆ గదిలో కూర్చుని, చేతిగుడ్డ ముక్కుకి కట్టుకుని, కట్టలు విప్పాడు.

మొదటిది మూడోరోజు దొరికింది. ఎవరిదో గుండ్రటి రాత. "గాలిపోగు: ఉల్లిపాయ పైపొర గాలిపోగులా లేచిపోయింది." కింద ఆయన ఎర్రసిరా: 'పుస్తకాధారం లేదు.' రెండోది నాలుగోరోజు. వణుకుతున్న అక్షరాలు. "గాలిపోగు: తూనీగ రెక్క గాలిపోగు, పట్టుకుంటే చేతికి రాదు." ఎర్రసిరా: 'ఒక్కరే వాడినట్టుంది. మరి రెండు సాక్ష్యాలు కావాలి.' ఆవిడ అప్పటికే ఒకటి పంపింది. ఆయనకి అది కనబడలేదు, ఎందుకంటే కనబడకుండా సర్దే పద్ధతి ఆయనే కనిపెట్టాడు.

మూడోది అయిదోరోజు మధ్యాహ్నం దొరికింది. పందొమ్మిదేళ్ళ కిందటి కట్టలో ఉంది. కొట్టు పెద్దావిడ రాత, పొడుగు పొడుగు అక్షరాలు.

"గాలిపోగు: పాప ముక్కు దగ్గర గాలిపోగు పెట్టి చూశారు."

దాని కింద, పొందికైన ఎర్రటి అక్షరాలతో: 'ప్రయోగం అస్పష్టం. ఏ పాప? ఎవరు చూశారు?'

ఆయన కార్డు బోర్లించి పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. రాత తనదే. ఏడాదికి వెయ్యి కార్డుల మీద రాసే ప్రశ్నే అది, ఏ కుక్క, ఏ ఊరు, ఎవరు అన్నారు అని. గుమాస్తా దాన్ని ఎత్తిరాసి పంపి ఉంటాడు. ఆవిడ కిటికీ కింద పీట మీద కూర్చుని చదువుకుని ఉంటుంది. ఏ పాప అని, ఆ పాప తండ్రి అడిగాడు.

వాళ్ళకి ఒక పాప పుట్టింది. ముప్పై ఒక్కేళ్ళయింది. రెండురోజులు బతికింది. మూడోరోజు పొద్దున్న డాక్టరు పరవాలేదన్నట్టు తలూపితే, అకారం ప్రూఫులు ఇచ్చి గంటలో వచ్చేస్తానని ఈయన ఆఫీసుకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పాపని అప్పటికే తెల్లగుడ్డలో చుట్టి ఉంచారు. ఎలా జరిగింది అని ఆయన అడగలేదు, అడిగితే ఆవిడ బాధపడుతుందనుకున్నాడు. బాధపడకూడదని ముప్పై ఒక్కేళ్ళు అడగలేదు. ఆయనకి అడగడం రాదని మాత్రం ఎవరూ అనలేరు.

ఆ రోజు ఆస్పత్రిలో ఆవిడ పక్కన ఉన్నది ఆవిడ చెల్లెలు. సాక్షిగారు సాయంత్రం నేరుగా మరదలింటికి వెళ్ళాడు. ఆవిడ వరండాలో బట్టలు మడతపెడుతోంది. కార్డు చేతిలో పెట్టాడు. ఆవిడ చదివింది. ఎర్రసిరా దగ్గర ఆగి, బావగారి ముఖంలోకి చూసింది.

"ఇది మీరు రాసిందేనా బావగారూ?"

"నేనే."

"అక్క చూసిందా?"

"చూసింది."

మరదలు చేతిలో ఉన్న దుప్పటి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"పదకొండు గంటలప్పుడు నర్సు వచ్చి చెయ్యి పట్టుకు చూసింది. ఇంక లేదమ్మా అంది. అక్క వినలేదు. దుప్పటి అంచులోంచి ఒక పోగు లాగింది, పంటితో కొరికి. దాని పనే అది కదా, ఎంత సన్నటి పోగో మీకేం చెప్పను! దాన్ని పాప ముక్కు దగ్గర పట్టుకుంది. కదిలింది బావగారూ. నేనూ చూశాను. అదిగో గాలి, అదిగో పోగు కదులుతోంది, నా బిడ్డకి ఊపిరుంది అని నర్సుని కసిరింది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అలా ఎంతసేపు పట్టుకుందో. చెయ్యి వణకలేదు. మీ కోసం గుమ్మం వైపు చూస్తూనే ఉంది. ఆయన వస్తే చూపిస్తాను, ఆయనకి సాక్ష్యం కావాలి అంది."

సాక్షిగారు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"పైన ఫ్యాను తిరుగుతోంది," అంది మరదలు. "నాకు ఎప్పుడో అర్థమైంది. చెప్పలేకపోయాను. ఆఖరికి లేచి వెళ్ళి నేనే ఫ్యాను కట్టేశాను. ఈ చేత్తోనే. రెక్కలు మెల్లిగా ఆగాయి. పోగు కూడా ఆగింది. అక్క ఇంకా కాసేపు పట్టుకునే ఉంది. తర్వాత నా వైపు చూసింది. ఒక్క మాట అనలేదు, ఆ రోజూ అనలేదు, పోయేదాకా అనలేదు. నేనే మర్చిపోలేదు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆవిడ ముక్కు తుడుచుకుంది.

"ఒకసారి అడిగాను. ఆ మాట మళ్ళీ మళ్ళీ ఎందుకంటావే, ఉల్లిపాయకీ పాలకీ కూడాను, మనసు కోసుకోవడం కాకపోతే అని. పాపకి పేరు పెట్టలేదుగా, రోజుకొక్కసారైనా ఏదో ఒకటి అని పిలుచుకోవద్దా, అంది. మీ బావగారు కూడా వింటారు, ఇద్దరం ఉన్నప్పుడే అంటాను, అంది."

ఆయన విన్నాడు. విన్న ప్రతిసారీ, అలాంటి మాట లేదని చెప్పాడు.

ప్రూఫులు పంపాల్సిన పదకొండోరోజు పొద్దున్న మూడు కార్డులూ సంపాదకురాలి బల్ల మీద పెట్టాడు. ఆవిడ వరసగా చదివింది. మూడోది రెండుసార్లు చదివింది.

"మూడు కార్డులున్నా చెప్పింది ఒక్కరే," అన్నాడాయన. "చేతులు మూడు, నోరు ఒకటి. నా నియమం ప్రకారం ఇది కుదరదు. కుదరదని నాకు తెలుసు. అయినా తెచ్చాను. నువ్వే చెప్పు అమ్మా."

సంపాదకురాలు కళ్ళజోడు తీసింది. "ఏ మాటైనా మొదట ఒక్క నోటి నుంచే కదండీ వచ్చేది. మనం చూడాల్సింది ఇంకొకరు అందుకున్నారా లేదా అని. ఆవిడ పోయాక కూడా ఆ కొట్లో వాడుతున్నారా, లేదా?"

"వాడుతున్నారు. మొన్న చొక్కా తెచ్చిన ఆయనతో అన్నారట."

"మరింకేం? పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. దాటేసింది మేష్టారూ. మీరొక్కరే ఇవతల ఉండిపోయారు." అని, అన్నందుకు నొచ్చుకుని, మూడో కార్డు ఆయన వైపు జరిపింది. "కాకపోతే ఎర్రసిరా ప్రశ్న ఉంది దీని మీద. జవాబు లేకుండా ప్రెస్సువాళ్ళు తీసుకోరు. మీ నియమమే."

ఆయన కార్డు తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చాడు. నీలంసిరా కలం తీశాడు. ప్రశ్న కింద వేలెడు జాగా ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది, ఎండలో దుమ్మూ ధూళీ తేలుతున్నాయి, అందులో ఎక్కడి నుంచి వచ్చిందో ఒక సన్నటి పోగు కూడా ఉంది. ఆయన ఊపిరి బిగబట్టి కాసేపు దాన్నే చూశాడు. తర్వాత వంగి, పొందికైన అక్షరాలతో రాశాడు.

'ఏ పాప?' దాని కింద: మా పాప.

'ఎవరు చూశారు?' దాని కింద: వాళ్ళమ్మ, పిన్ని. నేను చూడలేదు.

సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఉండి, మూడు కార్డులూ గాలిపటానికీ గాలిబుడగకీ మధ్య పెట్టి ప్రెస్సుకి పంపాడు.